పడదు అంటే చాలదు

పోయిన ఆదివారం మా ఎదురింటి అవ్వ పేరు మీద భోజనాలు పెట్టినారు. పాటలు పాడి, ప్రార్థన చేసి, వీధిలో షామియానా కింద అందరినీ కూర్చోబెట్టినారు. కూర్చున్నాక నాకేదో వెలితిగా అనిపించింది. కాసేపటికి గానీ అదేమిటో తెలియలేదు. వంట జరిగే వైపు నుంచి ఒక గొంతు వినబడటం లేదు. "ఏం నూనెప్పా ఇది?" అనే గొంతు.

గార్లదిన్నెలో మా వీధిలో ఎవరింట్లో ఏ కార్యమైనా, మంగళవాయిద్యాల కన్నా ముందు ఆ గొంతే వినిపించేది. అందరూ పెండ్లికొడుకు కారు కోసం చూస్తుంటే అవ్వ నేరుగా పందిరి వెనక్కి పోయేది. నడుము కొద్దిగా వంగిన మనిషి. కొంగు బిగించి దోపుకొని, చంకలో ఒక గుడ్డమూట పెట్టుకొని, వంటాయన పక్కన నిలబడేది. ముందు నూనె అడిగేది. ఆమేల పొడి, ఆమేల తాలింపు, చివర గరిటె.

"ఈ గరిటెనే అన్నిట్లోనూ పెడతాండావా?"

"యాడైనా ఒక్క గరిటెతోనే వంటంతా చేస్తారా అవ్వా?"

"చేసేవాళ్ళను శానామందిని సూసినాలే. జరుగు."

మూట విప్పితే అందులో ఒక మూతగిన్నె, పొట్టి కాడ గరిటె ఉండేవి. పొడి పడక ముందే, తాలింపు పెట్టక ముందే, తన గరిటెతో తన గిన్నెలోకి రవ్వంత తీసుకొని, మూత బిగించి, అప్పుడు వచ్చి పంక్తిలో కూర్చునేది. అందుకే ఆమెను గరిటవ్వ అన్నారు. అసలు పేరు నాకు తెలుసు. కానీ ఆ పేరుతో పిలిస్తే ఆమే వెంటనే పలికేది కాదు కాబట్టి ఇక్కడ రాయడం లేదు.

మాది బుడ్డల సీమ. బయటివాళ్ళు వేరుశెనగ అంటారు, మాకు బుడ్డలు. వాన పడితే బుడ్డల మాట, పడకపోతే పోయిన బుడ్డల మాట. దోసెకు బుడ్డల చెట్ని, వంకాయలో బుడ్డల పొడి, ఇంటికొచ్చిన చుట్టానికి ఉడకబెట్టిన బుడ్డలు, ఏడ్చే పిల్లకు బెల్లం బుడ్డలు. ఇట్లాంటి చోట ఒక మనిషి "నాకు బుడ్డలు పడవు" అంటే ఎవరు లెక్క చేస్తారు?

పైగా పడదు అనే మాటే అంత. మనం దాన్ని ఎన్నింటికి వాడతామో చూడండి. వదినకూ ఆడబిడ్డకూ పడదు. కాకరకాయ పడదు. కొత్త ఊరి నీళ్ళు పడవు. కిటికీ పక్కన కూర్చోకపోతే బస్సు పడదు. పడదు అన్నవాళ్ళను చూసి నవ్వి, "ఏం కాదులే, తినండి" అని ఇంకో గరిటెడు వడ్డించడం మన మర్యాద.

ఆ మర్యాదకు అవ్వ లొంగలేదు. ఏం పడదో చెప్పి నవ్వించుకోవడం కూడా ఎప్పుడో మానేసింది. దాంతో వీధికి వేరే అనుమానం వచ్చింది. "కూలికి పోయే మనిషి, ఆదివారమైతే చర్చికి పోతాది. ఈమెకు ఈ మడి యాడ్నుంచి వచ్చె?" అన్నారు. ఒక పెండ్లిలో వడ్డించే అతను మొహం మీదే అడిగేసినాడు.

"ఏమవ్వా, మా గరిటె తగిల్తే నీకు మైలనా?"

"మైల నీ గరిటెతో కాదప్పా. నా గొంతుతో వచ్చింది."

పంక్తిలో అందరూ నవ్వినారు. ఆమె కూడా నవ్వి, మూత తీసి తన ముద్ద తాను తిన్నది. ఆ మాటలో నిజముందని ఆ రోజు ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.

నేను బడికి పోయినదాన్ని కాదు. చిన్నప్పుడు జ్వరమొచ్చి ఒక కాలు సన్నబడితే, నాయన ఇంట్లోనే పలక ఇచ్చి దిద్దించినాడు. ఆయన పొద్దున చదువుకునే భక్తి పుస్తకాలే నాకు వాచకాలు. అయినా దేవుడు నాకు తక్కువేమీ చేయలేదు. కిరాణా అంగడి పెట్టుకున్న నెమ్మదైన భర్తనిచ్చినాడు. ఒక కూతురినిచ్చినాడు. ఆ కూతురికి బుడ్డలు పడవు.

పాప పాలు మానక ముందే ఒళ్ళంతా దద్దుర్లు లేచి, అనంతపురం తీసుకుపోతే, డాక్టరు రవ్వ కూడా తగలనీయొద్దని చెప్పినాడు. అప్పటి నుంచి మా ఇంట్లో మడి మారింది. మా ఆయన అంగడిలో బుడ్డల బస్తాలు ముట్టుకొని వస్తాడు కదా, స్నానం చేసి చొక్కా మార్చుకునే దాకా బిడ్డను ఎత్తుకోడు. అది గడపలో నిలబడి చేతులు చాచి ఏడుస్తుంటే ఈయన దూరంగా నిలబడి, "మైలలో ఉండా తల్లీ, వస్తాండా" అని బతిమాలుకుంటూ బకెట్ తీసుకునేవాడు. చెట్ని పుట్నాలతో, పొడి నువ్వులతో అలవాటు చేసుకున్నాము. ఇంట్లో ఏదైనా చేసుకోవచ్చు. గడప దాటితే మాత్రం నాకున్నది ఆ ఒక్క మాటే. "మా పాపకు బుడ్డలు పడవు."

ప్రతి శనివారం ఆంజనేయస్వామికి ఇంట్లో నైవేద్యం పెట్టి, నాలుగిండ్లకు ప్రసాదం పంచడం నాకు అలవాటు. ఎదురింటి అవ్వకూ ఇచ్చేదాన్ని. రెండు చేతులా తీసుకునేది. "ఆడ పెట్టిపో పాపా, మల్ల తింటాలే" అనేది. ఒకటి రెండుసార్లు అది కాకులకు పోవడం చూసినాను. ఆమె దేవుడు ఒప్పుకోడేమోలే అనుకున్నాను. ఆకు తిరిగి తెచ్చి మొహాన పెట్టలేదు, చెత్తలో వేయలేదు, ఒక ప్రాణి నోటికే అందించింది. అంతవరకు సంతోషమే అనుకొని ఇవ్వడం మానలేదు.

పాప ఒకటో తరగతిలో ఉన్నప్పుడు ఒక శనివారం గుడిలో భజన. ఆ పూట ప్రసాదం మా వీధి వరసలో ఉండే ఒకామెది. మంచి మనిషి. చిత్రాన్నం చేసి తెచ్చింది. పాపకు పెట్టొద్దక్కా, బుడ్డలు పడవు అని చెప్పినాను. హారతి వేళ నేను కళ్ళు మూసుకొని ఉన్నాను. ఆమె పాపను దగ్గర కూర్చోబెట్టుకొని, దొన్నెలో అన్నం పెట్టి, అందులోని బుడ్డలను ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టి, శుభ్రంగా ఏరినానని తృప్తిపడి, ముద్ద చేసి నోట్లో పెట్టింది. నేను కళ్ళు తెరిచేసరికి దొన్నె పక్కన బుడ్డల కుప్ప ఉంది. ఎంత ప్రేమగా ఏరిందో ఆ కుప్ప చూస్తే తెలుస్తుంది. ఆమె మీద ఈ రోజుకూ నాకు కోపం లేదు. పడదు అంటే ఇష్టం లేదనే ఆమెకు తెలిసింది.

పాపను చంకనేసుకొని గుడి బయటికి వచ్చినాను. ఎదురుగా కట్ట మీద అవ్వ కూర్చొని ఉంది. పాప ఏదో అడిగింది, ఏమడిగిందో గుర్తులేదు. ఆ గొంతు విని అవ్వ లేచి నిలబడింది.

"బిడ్డ గొంతు మారింది. ఏం తినింది?"

"చిత్రాన్నం. బుడ్డలు ఏరేసినారు అవ్వా..."

"ఏరేసేదేంది! ఆటో పిలువు. బిన్నా పిలువు, తడవు సేయొద్దు!"

నా కాలు సంగతి తెలిసిన మనిషి కాబట్టి నా చేతిలోంచి పాపను తీసుకొని తనే ఉరికింది. అప్పటికే పెదవులు ఉబ్బుతున్నాయి. ఆటోలో పాపను నిటారుగా కూర్చోబెట్టుకొని, "నా తట్టు సూడు. ముక్కుతో పీల్చు. ఇంగొగసారి" అని చెబుతూనే ఉంది. నేను స్వామి నామం అనుకుంటున్నాను. ఆమె మధ్యమధ్యలో "ప్రభువా" అంటున్నది. ఆటో డ్రైవరు ఇద్దరినీ వింటూ హారన్ మీది నుంచి చెయ్యి తీయలేదు.

గవర్నమెంటాసుపత్రిలో ఒకామె చీటీ రాయించుకోమంది. "నువ్వు ఎంత పెద్ద చీటీ కావాలంటే అంత రాసుకో తల్లీ, ముందు సూది ఎయ్యి" అన్నది అవ్వ. నర్సు పాప మొహం చూసి ఇంకో మాట అడగలేదు, సూది తీసుకొని వచ్చేసింది.

పాప ఊపిరి దారికి వచ్చి నిద్రపోయినాక, బయట బెంచీ మీద కూర్చున్నాము. నీకెట్లా తెలిసింది అవ్వా అని అడిగినాను.

"నాదీ అదే గొంతు కదా."

అప్పుడు చెప్పింది. చిన్నప్పుడు విత్తనం కాలంలో ఆడవాళ్ళంతా కూర్చొని బుడ్డలు ఒలుస్తుంటే ఈమెకు చేతులు ఉబ్బేవట. పని దొంగ అన్నారు. ఒకసారి నోట్లో వేసుకుంటే తల్లి ఒళ్ళోనే ఊపిరి ఆగినంత పనైంది. గాలి సోకిందని వేపమండలతో కొట్టినారు. "శానా ఏండ్లకు ఒక డాక్టరు అలర్జీ అన్నె. నాకు అల్లరి అని ఇనపడె. నిజమేలే, బుడ్డలకు నాతో అల్లరి అనుకుంటి." తనే నవ్వింది. "సూడు పాపా, బుడ్డలు పడని దాన్ని తెచ్చి ఈ సీమలో పుట్టించినాడు. దేవునికీ తమాషా కావాల కదా."

నాకు ప్రసాదం గుర్తుకొచ్చింది. "అయితే అవ్వా, శనివారం ప్రసాదం కాకులకు పెట్టేది..."

"మీ దేవుని తోడ నాకు పడకేముండాది? బుడ్డల తోడనే పడదు. దేవుని సొమ్ము కదా, ఏం నూనెమ్మా అని అడిగితే బాగుంటాదా? అందుకే గమ్మునుంటి."

"మా ఇంట్లో బుడ్డలే లేవు కదవ్వా! ఈ బిడ్డ పుట్టినప్పటి నుంచి ఒక్క గింజ లేదు."

అవ్వ నా మొహం చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆ ఆసుపత్రి బెంచీ మీద, బిడ్డ లోపల పడుకొని ఉండగా, మేమిద్దరం కళ్ళలో నీళ్ళొచ్చేట్టు నవ్వినాము. ఎదురెదురు ఇండ్లలో ఒకే గింజకు భయపడుతూ, ఒకరి దేవుణ్ణి ఒకరం గౌరవించుకుంటూ అన్ని శనివారాలు గడిపినాము. ప్రసాదమంతా కాకులు తిన్నాయి.

ఆ తర్వాతి శనివారం బెల్లమన్నం తీసుకుపోయినాను. అవ్వ గిన్నె తీసుకొని, కళ్ళు మూసుకొని తన ప్రభువుకు స్తోత్రం చెప్పుకొని, మా స్వామి ప్రసాదం తిన్నది. "నెయ్యి బాగా ఏసినావు. మీ దేవుడు బాగానే తింటాడు" అన్నది. అంతకంటే మంచి నైవేద్యం నేను ఇంకెప్పుడూ పెట్టలేదేమో.

అప్పటి నుంచి పాపకు ఆమె ఒక పాఠం మొదలుపెట్టింది. బడి నుంచి రాగానే కట్ట మీద కూర్చోబెట్టుకొని అడిగేది.

"ఎవరన్నా తినమంటే ఏమంటావు?"

"నాకు పడదు అంటాను."

"పడదంటే సాలదు! పడదంటే ఏరేసి పెడతారు, కడిగి పెడతారు. 'తింటే సచ్చిపోతా' అను. గట్టిగా అను."

ఆ మాట నేను ఇంట్లో అనిపించను. చిన్నప్పటి నుంచి విన్నదే, పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, మనం చెడు మాట అనే సమయానికి సరిగ్గా తథాస్తు అనేస్తారు అని. వాళ్ళ భయానికి బియ్యం అయిపోయినా నిండుకున్నాయనే అంటాము. అట్లాంటిది కన్నబిడ్డ నోట ఆ మాటా? పరుగున పోయి పాప నోరు మూసినాను.

"అట్ల అనిపించొద్దు అవ్వా. తథాస్తు దేవతలుంటారు."

"ఉండనీ. వాళ్ళు పైనుంచి తథాస్తు అనేలోపల ఈడ పక్కింటామె నోట్లో పెట్టేస్తాదమ్మా."

పాప మా ఇద్దరినీ చూసి, తల ఎత్తి పైకి చూసింది, ఎవరైనా కనబడతారేమోనని. అదొక అలవాటై కూర్చుంది దానికి. ఎవరు చావు మాట ఎత్తినా పైకి చూసేది.

ఈ ఒక్క విషయంలో అవ్వా నేనూ చివరి దాకా ఒప్పుకోలేదు. నేను లేనప్పుడు ఆమె ఆ మాట నేర్పేది. నేనుంటే పాప "ఊపిరాడదు" దాకా వచ్చి ఆగేది. "మీ యమ్మ నోరు తెరవదు, నిన్నూ తెరవనీదు" అని ఆమె పళ్ళు నూరేది. మళ్ళీ సాయంత్రం ముద్దపప్పు గిన్నె పట్టుకొని తనే వచ్చేది.

ఆమె కొడుకు సంగతి చెప్పకపోతే అవ్వ బొమ్మ పూర్తి కాదు. అతనికి బుడ్డల చెట్ని అంటే ప్రాణం. తల్లి కోసం ఇంట్లో చేయించుకోడు. అప్పుడప్పుడు పొద్దున్నే ఎవరికీ చెప్పకుండా హైవే పక్కన హోటల్‌కు పోయి, దోసె మీద ఆ చెట్ని పోయించుకొని తిని, నోరు పుక్కిలించి, చేతులు సబ్బుతో కడుక్కొని, ఇంటికొచ్చినా కాసేపు తల్లికి దూరంగా నిలబడేవాడు. ఆ నిలబడటం చూసి కొత్తగా దిగినవాళ్ళు పొద్దున్నే తాగి వస్తాడనుకున్నారు. ఒకామె అవ్వతో బాధగా అనింది కూడా. అవ్వ పొట్ట పట్టుకొని నవ్వింది. "తాగడమ్మా, సెట్నీ తింటాడు. ఇట్లాంటి మొగుడు దొరకడం నా కోడలి అదృష్టం" అన్నది.

ఆ కోడలు కూడా మాట తక్కువ మనిషి. అత్త గిన్నె, అత్త గరిటె పొయ్యి పక్కన వేరే చెక్క మీద బోర్లించి ఉంచేది. ఇంకో చెయ్యి వాటి మీద పడనిచ్చేది కాదు.

అవ్వ ఈ మధ్యే జ్వరమొచ్చి పోయింది. పెద్ద వయసు, నిద్రలోనే పోయింది. అంతకు ముందు రోజు చూడటానికి పోతే, "బుడ్డలతో సావలేదు సూడు పాపా" అని గెలిచినదాని లాగా అన్నది. నేను ఆమె చెయ్యి కళ్ళకద్దుకున్నాను.

ఇదంతా తలుచుకుంటూనే ఆదివారం పంక్తిలో కూర్చున్నాను. పక్కన పాప. ఇప్పుడు మూడో తరగతి. మాలాంటి శాకాహారుల కోసమని ఒక వైపు పప్పు, వంకాయ కూర చేయించినారు. అవ్వ ఇల్లు కదా, ఈ ఇంట్లో అడగాల్సిన పని లేదనుకున్నాను. ఇరవై ఊళ్ళలో అడిగిన మనిషి ఇంట్లో అడగడమేమిటి? వంటకు వచ్చినవాళ్ళు మాత్రం అనంతపురం వాళ్ళు. అవ్వను చూసినవాళ్ళు కాదు.

వడ్డించే అతను వంకాయ కూర బకెట్‌తో మా ముందుకు వచ్చినాడు. కూర చిక్కగా, పైన నూనె తేలుతూ ఉంది. ఆ చిక్కదనం నాకు తెలుసు.

"అన్నా, ఇందులో బుడ్డలేసినారా?"

"బుడ్డలు యాడుండాయక్కా? వేయొద్దని ముందే చెప్పినారు. వట్టి పొడే."

"పొడి అంటే?"

"బుడ్డల పొడి. పొడి లేకుండ వంకాయ ఎట్లొస్తాది?"

"వద్దన్నా. పాపకు పడదు."

నోటికి అలవాటైన మాటే వచ్చింది. అతను నవ్వినాడు. అందరూ నవ్వే నవ్వే అది, అందులో చెడు ఏమీ లేదు. "చిన్నపిల్ల, రవ్వంత తిననీలేక్కా, ఏం కాదు" అన్నాడు. గరిటె పాప విస్తరి మీదికి వంగింది. పాప రెండు చేతులూ విస్తరి మీద అడ్డం పెట్టింది. నోరు తెరిచింది. తెరిచి, నా తట్టు చూసి ఆగిపోయింది. నేను పక్కన ఉన్నాను కదా.

"నా బిడ్డ అది తింటే సచ్చిపోతాది" అన్నాను.

గట్టిగానే అన్నాను. నా గొంతు అంత దూరం పోతుందని నాకే తెలియదు. షామియానా ఆ చివర ఉన్న పాస్టరు గారు కూడా తలెత్తినారు. గరిటె గాలిలో ఆగింది. అందులోంచి ఒక చుక్క జారబోతే అతను రెండో చెయ్యి కింద పట్టుకున్నాడు.

"అట్ల సెప్పాల కదక్కా ముందే" అన్నాడు. బకెట్ తీసుకొని రెండడుగులు వెనక్కి పోయి, కూరైన చేతిని దూరంగా పట్టుకొని కుళాయి వైపు నడిచినాడు.

లోపలి నుంచి అవ్వ కోడలు వచ్చింది. చేతిలో ఆ మూతగిన్నె, ఆ పొట్టి కాడ గరిటె.

"నూనె మా ఇంటిదే. వాళ్ళు పొడి కలపక ముందే తీసి పెట్టినానక్కా" అన్నది. మూత తీస్తూ, "ఎవరికని తీసినానో నాకే తెలీదు. అత్తకు తీసే అలవాటు, సెయ్యి దానంతటదే పోయింది" అన్నది. కొంగుతో మొహం తుడుచుకొని, పాప విస్తరిలో వడ్డించింది.

అప్పుడు భయమేసింది నాకు. అతను వడ్డించబోయినప్పుడు కాదు, ఇప్పుడు. అనకూడని మాట అనేసినాను. ఎనిమిదేండ్లు నోట రాకుండా కాపాడుకున్న మాట. మనసులోనే స్వామికి దణ్ణం పెట్టుకుంటుంటే, పాప తలెత్తి షామియానా వైపు చూస్తున్నది.

"అమ్మా, నువ్వే అన్నావు" అన్నది మెల్లగా.

"అన్నాను తల్లీ."

అది ఇంకొంచెం సేపు పైకి చూసింది.

"ఏం కాదులేమ్మా. అవ్వ ఆడనే ఉండాది కదా. వాళ్ళను తథాస్తు అననీదు."

నేను అన్నం కలిపినాను.